అటకమీది నెగటివులు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



పాత ఫిల్ము ఫొటోలను స్కాను చేసి, ఛాయాచిత్రాల ఏజెన్సీల ద్వారా అమ్మడం ఎట్లాగో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. మన సోలాపూరు యువకులు కొందరు ఈ పనికి దిగాలని ఉత్సాహపడుతున్నారట. సంతోషమే. ఇంతకుముందే పంచాంగశ్రవణం విన్నాం. అందులో ప్రతి రాశికీ నాలుగు అంకెలు చెబుతారు: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. మన ఇంట్లో అటకమీది నెగటివులకు కూడా ఈ నాలుగూ ఉన్నవి. ఆ వరుసలోనే చెబుతాను.

దానికి ముందు ఒక వలసవాని కథ వినండి. బెర్లిను నగరంలో ఆటో బెట్‌మన్ అనే యూదుడు గ్రంథాలయంలో పనిచేసేవాడు. హిట్లరు అధికారానికి వచ్చిన 1933లో ఆయన ఉద్యోగం పోయింది. 1935లో ఆయన అమెరికాకు వలసపోయినప్పుడు వెంట తీసుకుపోయిన ఆస్తి ముఖ్యంగా రెండు ట్రంకుపెట్టెల బొమ్మలు. వాటితోనే న్యూయార్కులో చిత్రభాండారం మొదలుపెట్టాడు. గ్రంథాలయంలో పనిచేసినవాడు గనుక బొమ్మ బొమ్మకూ చీటీ రాసి, అడిగినవారికి వెంటనే తీసి ఇవ్వగలిగేవాడు. పత్రికలు, పుస్తక ప్రచురణకర్తలు ఆయన గడప తొక్కారు. 1995లో ఆ భాండారాన్ని బిల్ గేట్స్‌కు చెందిన కార్బిస్ సంస్థ కొన్నది. తరువాత ఆ నెగటివులను పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక పాత సున్నపురాతి గనిలో, సుమారు 220 అడుగుల లోతున, చల్లని గదులలో భద్రపరిచారు. ఆ పెట్టెలకు అంత విలువ వచ్చింది బొమ్మల వల్ల ఎంతో, ఆ చీటీల వల్ల కూడా అంతే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇక స్టాకు ఏజెన్సీ అంటే ఏమిటి? సూటిగా చెప్పాలంటే బొమ్మలను అద్దెకిచ్చే కొట్టు. మనం బొమ్మను అమ్మివేయము, వాడుకొనే హక్కును మాత్రం ఇస్తాము. ఇల్లు మనదే, అద్దె మనకు వస్తుంది, మధ్యవర్తి తన వాటా తీసుకుంటాడు. గెట్టీ ఇమేజెస్, షట్టర్‌స్టాక్, అడోబీ స్టాక్, అలామీ ఇటువంటి కొట్లే. వాడకం రెండు విధాలు. పత్రికలలో, పాఠ్యపుస్తకాలలో, చరిత్ర గ్రంథాలలో వార్తగానో వివరణగానో వాడితే దాన్ని ఎడిటోరియల్ వాడకం అంటారు. సబ్బులకో, బ్యాంకులకో ప్రకటనలలో వాడితే అది వ్యాపార వాడకం. ఈ తేడా ఎంత పెద్దదో అవమానం దగ్గర చెబుతాను.

ఆదాయం

ముందే చెబుతున్నాను, ఈ ఆదాయంతో ఎవరూ మిద్దె కట్టలేరు. అడోబీ స్టాక్ ఫొటోలకు ఇచ్చే వాటా 33 శాతం. షట్టర్‌స్టాక్ 2020 జూన్ నుండి అమ్మకాల సంఖ్యనుబట్టి 15 శాతం మొదలు 40 శాతం వరకు మెట్లు పెట్టింది. ప్రతి జనవరి 1న అందరినీ మళ్లీ మొదటి మెట్టుకే దింపుతుంది. చందాదారుడు ఒక బొమ్మ దింపుకుంటే మనకు పది అమెరికా సెంట్లు మాత్రమే దక్కే సందర్భాలున్నవి. చరిత్ర గ్రంథానికో, డాక్యుమెంటరీకో ఒక అరుదైన బొమ్మ కావలసి వచ్చినప్పుడు మంచి ధర రావచ్చు. అది చెప్పి వచ్చేది కాదు.

మరి ఏ బొమ్మలు పోతాయి? సూర్యాస్తమయాలు, పూలు, తాజమహలు లక్షలు లక్షలుగా అక్కడ ఉన్నవి. ఇప్పుడు కృత్రిమ మేధ యంత్రాలు అడిగిన బొమ్మ క్షణంలో గీసి ఇస్తున్నవి. ఎడ్లబండి కావాలంటే వెయ్యి బండ్లు గీస్తాయి. కాని 1960లలో మన సాఖర్‌పేఠ వీధిలో నిజంగా నడిచిన బండిని అవి గీయలేవు. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరు సీమలనుండి వచ్చిన మనవారు గుంటమగ్గంలో కూర్చొని నేస్తున్న దృశ్యం, పవర్‌లూములు తొలిసారి ఇంట్లో దిగిననాటి దృశ్యం, మిల్లు చిమ్నీ కింద షిఫ్టు మారే వేళ, చద్దర్ల మూటలు కడుతున్న చేతులు, శ్రావణ పౌర్ణమినాటి మార్కండేయ రథోత్సవం, ఒకే కొట్టుమీద మరాఠీ, తెలుగు రెండింటిలో రాసిన బోర్డు: ఇవీ కొత్తగా తీయలేనివి, మరొకచోట దొరకనివి. స్టూడియోలో పరదా ముందు నిలబడి తీయించుకున్న ఫొటో మనకు ప్రాణప్రదం, కొనేవానికి మామూలు. ఆ ఫొటోగ్రాఫరు ఇంటికి పోతూ మిగిలిన ఫ్రేములో తీసిన వీధిబొమ్మ మనకు మామూలు, కొనేవానికి అపురూపం.

వ్యయం

వ్యయమంటే డబ్బుకన్నా ఓపిక ఎక్కువ కావలె. మొదట పెట్టె మూత తీయగానే వాసన చూడండి. పులుపు వాసన, వినెగరు వాసన కొడితే అసిటేటు ఫిల్ము చివికిపోతున్నదన్నమాట. అందులోనుండి వచ్చే ఆమ్లపు ఆవిరి ఆ చివుకును మరింత తొందరపెట్టడమే కాక, పక్కనున్న మంచి ఫిల్మునూ చెరుస్తుంది. అటువంటివాటిని వెంటనే వేరుచేసి, ముందుగా వాటినే స్కాను చేయవలె. 1951కి ముందటి ఫిల్ముల్లో నైట్రేటుది ఉండవచ్చు. ఆ సంవత్సరంలోనే కొడాక్ దాని తయారీ మానివేసింది. అది సులభంగా అంటుకొని తీవ్రంగా మండుతుంది. దీపాలకూ పొయ్యికీ దూరంగా ఉంచి, తెలిసినవారికి చూపవలె. మన ఊరి ఎండలకు రేకుల కప్పు కింది అటక కొలిమి అవుతుంది. నెగటివులను ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, పొడిగా ఉండే గదిలో, కాగితపు కవర్లలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టవద్దు.

ఫిల్ము అంచుమీద చిన్న అక్షరాలుంటాయి. కాలం తేల్చడానికి అవి సాక్ష్యం. ఊటీలో 1960లో ఏర్పడిన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ 1967లో తయారీ మొదలుపెట్టింది. కనుక అంచుమీద ‘ఇందు’ అని కనబడితే ఆ బొమ్మ అంతకుముందుది కాదు. తాతగారు 1962 అని చెప్పినా, ఫిల్ము కాదంటే ఫిల్ము మాటే నమ్మవలె.

శుభ్రం చేసేటప్పుడు నెగటివును అంచులతోనే పట్టుకోండి. గాలిబుడ్డితో ఊది, మెత్తని కుంచెతో ధూళి దులపండి. పంచె కొంగుతో తుడవడం, నోటితో ఊదడం, నీళ్లు చల్లడం పనికిరాదు. బూజు పట్టినదాన్ని తెలిసినవారికి వదలండి.

ఇక స్కానింగు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో బొమ్మ కొలత 36 × 24 మిల్లీమీటర్లు. అంగుళానికి 4000 చుక్కల చొప్పున చదివితే సుమారు 5,670 × 3,780 పిక్సెళ్లు, అంటే 2 కోట్ల 14 లక్షల పిక్సెళ్ల బొమ్మ వస్తుంది. 2400 చొప్పున చదివితే 77 లక్షలే. షట్టర్‌స్టాక్, అడోబీ స్టాక్ అడిగే కనీసం 40 లక్షలు, అంటే 4 మెగాపిక్సెళ్లు. మన ఇళ్లలో చాలామంది వాడిన అగ్ఫా క్లిక్ త్రీ వంటి కెమెరాలలో 120 ఫిల్ము పట్టేది. దాని బొమ్మ ఇంచుమించు 56 మిల్లీమీటర్ల చదరం. 2400 చొప్పున చదివినా 2 కోట్ల 80 లక్షల పిక్సెళ్లు వస్తాయి. కాని ఆ చిన్న కటకం అంత సూక్ష్మం పట్టలేదు. కాబట్టి దాన్ని పక్కకు 2,500 పిక్సెళ్లకు తగ్గించి పంపితే, కనీసపు కొలతకు పైనే ఉండి, బొమ్మ బిగువుగా కనబడుతుంది. తగ్గించడం ధర్మం, పెంచడం దోషం. చిన్న బొమ్మను సాగదీసి పెద్దది చేసి పంపితే పరీక్షకులు ఇట్టే పట్టుకుంటారు.

బల్లపరుపు స్కానర్ల అట్టపెట్టెలమీద వేసే పెద్ద అంకెలను పూర్తిగా నమ్మవద్దు. అవి నిజంగా పట్టే సూక్ష్మం అంతకన్నా తక్కువ. 120 ఫిల్ముకు అవి చాలుతాయి. 35 మిల్లీమీటర్లకు ప్రత్యేకమైన ఫిల్ము స్కానరో, లేక వెలుగుపలకమీద నెగటివు పెట్టి మాక్రో కటకంతో డిజిటల్ కెమెరాతో తీయడమో మేలు. కొన్ని స్కానర్లలో పరారుణ కిరణంతో ధూళిని కనిపెట్టి తుడిచే ఏర్పాటున్నది. రంగు నెగటివులకు అది వరం. నలుపు తెలుపు ఫిల్ములో ఉన్నది వెండి. వెండి ఆ కిరణాన్ని అడ్డుకుంటుంది. యంత్రం వెండినే ధూళి అనుకొని బొమ్మను చెడగొడుతుంది. కాబట్టి నలుపు తెలుపుకు ఆ మీట ఆపివేసి, తరువాత మచ్చలను చేత్తో ఒక్కొక్కటి తీయవలసిందే. ఒక్క బొమ్మకు గంట పట్టినా ఆశ్చర్యపడవద్దు.

మూలప్రతిని 16 బిట్ల టిఫ్ రూపంలో దాచండి. 4000 చొప్పున చదివిన రంగు బొమ్మ ఒక్కొక్కటి సుమారు 128 మెగాబైట్లుంటుంది. దాన్ని రెండు డిస్కులలో, రెండు ఇళ్లలో ఉంచండి. ఏజెన్సీకి పంపేది దానినుండి తీసిన జేపెగ్ ప్రతి. మచ్చలు తీయండి, పాలిపోయిన నలుపును సరిచేయండి, కాలంతో ఎర్రబారిన రంగును వీలైనంత వెనక్కి తెండి. కొందరు ఏజెన్సీవారు ఒక్క బొమ్మ తప్పినా ఆ విడతనంతా తిప్పికొడతారు. కనుక నూరు శాతం పెద్దదిగా చేసి మూలమూలా చూసుకున్న తరువాతనే పంపండి.

బొమ్మ తలకిందులు కాకపోయినా కుడియెడమలు మారడం తరచు జరిగే పొరపాటు. కొట్టు బోర్డు అక్షరాలు చూడండి. బోర్డు లేకపోతే మన ఆడవారి పైట ఏ భుజంమీద ఉన్నదో చూడండి.

మరొక హెచ్చరిక. మసకగా ఉన్న ముఖాన్ని స్పష్టం చేసి ఇస్తామనే యంత్రాలు వచ్చినవి. అవి లేని కన్ను, లేని చిరునవ్వు ఊహించి గీస్తాయి. చూడడానికి బాగుంటుంది, కాని అది మన ముత్తవ్వ ముఖం కాదు. ఎడిటోరియల్ బొమ్మకు అటువంటి మార్పు నిషిద్ధం కూడా. మసక ఉంటే ఉండనివ్వండి. మసక అబద్ధం కాదు.

రాజపూజ్యం

బెట్‌మన్ చీటీలు గుర్తున్నవి కదా. కొనేవాడు బొమ్మను కళ్లతో వెతకడు, మాటలతో వెతుకుతాడు. ప్రతి బొమ్మకూ ఒక వివరణ, సుమారు 50 వరకు వెతుకుడు మాటలు చేర్చే వీలున్నది. ఆ వివరాలు ఫైలులోపలనే ఉండిపోతాయి గనుక బొమ్మ ఎటు పోతే అటు పోతాయి. ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు: ఈ నాలుగూ తప్పక రాయవలె. తారీఖు ఖచ్చితంగా తెలియకపోతే ‘1960ల చివర’ అని రాయవచ్చు. ఊహించి రాయవద్దు.

వివరణ మనం రాయకపోతే ఏమవుతుంది? కొన్నవాడు రాస్తాడు. మగ్గంమీది మనిషి ‘భారతీయ కూలీ’ అవుతాడు. బీడీలు చుడుతున్న తల్లి ‘పేదరికం’ అవుతుంది. రథోత్సవం ‘ఆసియా పండుగ’ అవుతుంది. ఎన్నో తరాలుగా మహారాష్ట్రలో ఉంటూ తెలుగు మరవని జనానికి ఆ బొమ్మలో పేరే లేకుండా పోతుంది. ‘సోలాపూరు, మహారాష్ట్ర, తెలుగు పద్మశాలి నేతకారుడు, గుంటమగ్గం, చేతిలో నాడె’ అని రాసి చూడండి. అదే బొమ్మ సాక్ష్యమవుతుంది. రేపు మన వలస చరిత్ర రాయబోయే విద్యార్థికి అది దొరుకుతుంది. పదిమంది కొనకపోయినా ఆ ఒక్కడు చూస్తే చాలు, పూజ్యం దక్కినట్లే.

ఈ పని యువకులకు ఒంటరిగా సాధ్యం కాదు. కంప్యూటరు తెలిసినవారికి మగ్గం భాగాల పేర్లు తెలియవు. పేర్లు తెలిసినవారికి కంప్యూటరు తెలియదు. మనవడు, అవ్వ ఒకచోట కూర్చోవలె.

అవమానం

ఇక చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. నెగటివు మన పెట్టెలో ఉన్నంత మాత్రాన బొమ్మమీద హక్కు మనదని అనుకోరాదు. మన దేశపు కాపీరైటు చట్టం 1957లో చేయబడి, 1958 జనవరి 21 నుండి అమలులోకి వచ్చింది. 2012 సవరణ తరువాత ఛాయాచిత్రానికి కూడా తీసినవారి జీవితకాలం, ఆపైన 60 సంవత్సరాలు హక్కు ఉన్నది. నాన్నగారు సరదాకు తీసిన బొమ్మలమీది హక్కు, ఆయన వీలునామా రాయకుండా పోతే, వారసులందరిదీ. మెట్టినింటికి పోయిన అక్కచెల్లెళ్లకు కూడా అందులో భాగమున్నది. డిస్కు ఎవరి చేతిలో ఉంటే వారిదే రాజ్యమనుకుంటే, పది సెంట్ల కోసం అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోతాయి. ఒక కాగితంమీద అందరి సమ్మతి రాయించుకోవడం మంచిది.

స్టూడియో నడిపిన కుటుంబాలవారు మరీ జాగ్రత్తగా ఉండవలె. డబ్బు ఇచ్చి ఒకరు తీయించుకున్న ఫొటోకు, వేరే ఒడంబడిక లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులని ఆ చట్టం 17వ సెక్షను చెబుతుంది. పెండ్లి ఫొటోల నెగటివులు స్టూడియో బీరువాలో వేలకొద్దీ ఉండవచ్చు. అవి అమ్ముకోవడానికి స్టూడియోవారివి కావు. 1958కి ముందటి బొమ్మలకు పాత చట్టపు లెక్క ఉంటుంది గనుక, అటువంటి సంగతి వస్తే న్యాయవాదిని అడగండి.

చట్టం తరువాత ముఖాలు. గుర్తుపట్టగల ముఖం ఉన్న బొమ్మను వ్యాపార వాడకానికి ఇవ్వాలంటే ఆ మనిషి సంతకం చేసిన అనుమతి పత్రం ఏజెన్సీవారు అడుగుతారు. మనిషి పోయి ఉంటే వారసుల సంతకం కావలె. పత్రం లేని బొమ్మను ఎడిటోరియల్ కింద మాత్రమే పెట్టాలి. సంతకం ఒకసారి పెట్టినాక ఆ ముఖం ఏ ప్రకటనలోకి పోతుందో మన చేతిలో ఉండదు. మన అవ్వ బొమ్మ అప్పుల కంపెనీ ప్రకటనలో కనబడవచ్చు, రోగాల మందు పక్కన కనబడవచ్చు. ఆమె బ్రతికి ఉంటే ఒప్పుకునేదా అని ఒక్కసారి ఆలోచించి సంతకం పెట్టండి. కాన్పు గది, శవయాత్ర, స్నానాల రేవు, చిన్నపిల్లల ఒంటిమీది బట్టలు లేని బొమ్మలు పంపనే వద్దని నా మనవి. వాటికి ధర ఉన్నదా లేదా అనే ప్రశ్నే రాకూడదు.

ఒప్పందం చదవకుండా ‘ఒప్పుకుంటిని’ మీట నొక్కవద్దు. ఇప్పుడు ఏజెన్సీలకు అప్పగించిన బొమ్మలతో కృత్రిమ మేధ యంత్రాలకు శిక్షణ ఇస్తున్నారు. 2023 మార్చిలో అడోబీ సంస్థ వెలువరించిన ఫైర్‌ఫ్లై యంత్రం అడోబీ స్టాక్ బొమ్మలమీద కూడా చదువుకున్నది. మీకు ఇష్టమైతే సరే, ఇష్టం లేకపోతే ఎక్కడ కాదనవచ్చో ముందే చూసుకోండి. ఒకే ఏజెన్సీకి కట్టుబడాలనే షరతు ఉంటే ఎన్నాళ్లకో చూసుకోండి. పిల్లల పాఠాలకూ, మన సంఘపు ప్రచురణలకూ వాడుకొనే స్వేచ్ఛ మిగులుతుందో లేదో చూసుకోండి.

సోదరీసోదరులారా, నాలుగు అంకెలూ విన్నారు. ఆదాయం తక్కువ, వ్యయం ఎక్కువ, రాజపూజ్యం మన రాతనుబట్టి, అవమానం మన జాగ్రత్తనుబట్టి. ఇంత తక్కువ ఆదాయానికి ఈ శ్రమ ఎందుకని అడగవచ్చు. అమ్మకం కోసమని మొదలుపెట్టిన ఈ పనిలో, పెట్టె తెరుచుకుంటుంది, చివికిపోయే ఫిల్ము బయటపడుతుంది, ప్రతి ముఖానికీ పేరు రాయబడుతుంది. కొనేవాడు వచ్చినా రాకపోయినా ఆ లాభం అప్పటికే మన ఇంట్లో జమ అయిపోయి ఉంటుంది. అమ్మదగినవి నూటికి అయిదో పదో ఉంటాయి, మిగిలిన తొంభై మనవే.

కాబట్టి స్కానరు కొనడానికి ముందు చేయవలసిన పని ఒకటున్నది. దానికి పైసా ఖర్చు లేదు. ఈ వేసవి సెలవుల్లో ప్రతి ఇంటివారూ పాత ఆల్బము ఇంట్లో అందరికన్నా పెద్దవారి ముందు పెట్టి, ముఖం ముఖానికీ పేరు అడిగి, మెత్తని పెన్సిలుతో ఫొటో వెనుక రాయండి. నెగటివును పది సంవత్సరాల తరువాత కూడా స్కాను చేయవచ్చు. పేరు చెప్పగలిగినవారు పది సంవత్సరాలు ఆగరు.